నుమజిరి వీపు

రేకుల కప్పు మీద వాన ఒకే శ్రుతిలో పడుతోంది. ఇది ఆగుతుందని ఒక చెవి, ఆగదని రెండో చెవి చెబుతున్నాయి. రెండింటిలో ఏదీ సాక్ష్యం కాదు. సముద్రం వైపు ఆకాశపు అంచున బూడిదరంగు నిజంగానే పలచబడిందా, పలచబడాలని నేను కోరుకుంటున్నానా అన్నది ఈ బల్ల మీద కూర్చుని తేల్చగలిగిన విషయం కాదు. ఏడో ఇన్నింగ్స్ మొదలవబోతుండగా అంపైర్ రెండు చేతులూ పైకెత్తాడు. మైదానం పనివాళ్ళు పరుగున వచ్చి, బంతి విసిరే పిచర్ నిలబడే మట్టి దిబ్బ మీద నీలం పట్టా కప్పి, దాని నాలుగు అంచుల మీదా ఇసుక సంచులు పెట్టారు. అది జరిగి ఇరవై నిమిషాలు. ఇంకో అరగంట చూస్తారు. సకాతా మైదానంలో దీపస్తంభాలు లేవు కనుక అంతకు మించి ఆగినా లాభం లేదు. పెద్ద బేస్‌బాల్ లీగు జట్లు ఈ ఊరికి ఏడాదికి ఒక్కసారి వస్తాయి, అందుచేత జనం మాత్రం కదలడం లేదు. వాన కోట్లు కప్పుకుని, మోకాళ్ళ మీద అన్నం ముద్దలు విప్పుకుని, పట్టా మీద నిలిచిన నీళ్ళను ఆటను చూసినంత శ్రద్ధగా చూస్తున్నారు. వాళ్ళకి ఆశ పడటానికి కారణం ఉంది. మేము రెండు పరుగుల ఆధిక్యంలో ఉన్నాం. ఆరు ఇన్నింగ్సులు గడిచినా అవతలి జట్టు మా పిచర్ నుమజిరి బంతిని ఒక్కసారి కూడా హిట్‌గా మలచలేకపోయింది; తొమ్మిదీ అలాగే గడిస్తే పిచర్‌కి అది జీవితానికొక్కసారి దక్కే ఘనత. స్కోరు బోర్డు మీద వాళ్ళ పేరుకెదురుగా, హిట్‌ల గడిలో, చెక్క పలక మీద సున్నా. దాని పక్కన, తప్పుల గడిలో, మా పేరుకెదురుగా ఒకటి. ఆ ఒకటి నాది.

నుమజిరి బల్ల చివర కూర్చున్నాడు. ఎడమ మోచేతి చుట్టూ తువ్వాలు చుట్టుకుని, ముందుకు వంగి, బూట్ల మధ్య సిమెంటు వంక చూస్తున్నాడు. అతనికీ మాకూ మధ్య నాలుగు ఖాళీలు. ఒక పిచర్ ఇలాంటి ఆట ఆడుతుంటే అతనితో మాట్లాడకూడదు, పక్కన కూర్చోకూడదు, జరుగుతున్నదాన్ని పేరు పెట్టి అనకూడదు. పదహారేళ్ళ కిందట నేను ఈ జట్టులో చేరినప్పుడు నాకు మొదట నేర్పిన మర్యాదల్లో ఇదొకటి. మాట్లాడితే మాయ చెదురుతుందట. మౌనానికీ బంతి దారికీ సంబంధం ఏమిటని అప్పట్లో అడిగి చివాట్లు తిన్నాను. ఇప్పుడు అడగను. అడగకపోవడం ఒప్పుకోవడం కాదు. మేము కూర్చున్న ఈ డగౌట్ రెండు చివరలా చిన్న పళ్ళాల్లో శంకువులా పేర్చిన ఉప్పు ఉంది, చెడును ఆపడానికి; తేమకు ఆ శంకువులు ఒక పక్కకి ఒరిగి, కుడివైపుది అప్పుడే ముద్దయింది. మేనేజరుగారు దాన్ని మార్పించడానికి ఊళ్ళోకి మనిషిని పంపారు. ఎనిమిది రోజులుగా ఆయన మేజోళ్ళు మార్చలేదు, ఎనిమిది రోజులుగా మేము గెలుస్తున్నాం. నేను ఆయనకి రెండు బల్లల దూరంలో కూర్చోవడానికి హేతువు ఇదీ, ఇందులో మాత్రం హేతువు ఉంది.

“మాస్టారూ, ఆ ఉప్పు వంక అలా చూడకండి, కరిగిపోతోంది,” అన్నాడు మకబె. మా క్యాచర్. మోకాలి కవచాలు విప్పి, నా పక్కన చతికిలబడి, బార్లీ టీ తాగుతున్నాడు. రైల్లో పుస్తకాలు చదువుతానని ఈ జట్టులో అందరూ నన్ను మాస్టారంటారు.

“నేను చూడకపోయినా కరుగుతుంది. గాలిలో తేమ ఉంది.”

“అదిగో, మొదలు. పదహారేళ్ళుగా మీకూ శాంతి లేదు, మాకూ లేదు.” తరువాత గొంతు తగ్గించి, బల్ల చివరికి వినపడకుండా, “ఐదో దాంట్లో జరిగిన దానికి మాత్రం నా దణ్ణాలు మాస్టారూ. మీ చేతికి తగిలి పడింది కనుక సరిపోయింది. తగలకపోయుంటే…” వాక్యం పూర్తి చెయ్యలేదు. మర్యాద.

తగలకపోయుంటే. ఇరవై నిమిషాలుగా నా బుర్రలో తిరుగుతున్న మాట కూడా అదే. తేడా ఏమిటంటే మకబె దాన్ని జరగనిదానిలా అన్నాడు. ఐదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, చినుకులు అప్పుడే మొదలయ్యాయి. అవతలి కుర్రాడొకడు బంతిని, అందరి వెనక గోడ వైపు మధ్య మైదానంలో నిలబడే నా వైపు కొట్టాడు. ఉసుయిగారు నేర్పిన విద్య ప్రకారం నేను మొదటి అడుగు కళ్ళతో కాదు, చెవులతో వేస్తాను. ఉసుయిగారు మా అవుట్‌ఫీల్డ్ శిక్షకుడు, పోయి తొమ్మిదేళ్ళయింది. మియజాకి శిబిరంలో ఫిబ్రవరి చలిలో నన్ను ఆయన వైపు వీపు పెట్టి నిలబెట్టి, కళ్ళు మూయించి, రోజుకు మూడు వందల బంతులు కొట్టేవాడు. “శబ్దం చెప్పు, దూరం చెప్పు!” తప్పు చెబితే తిట్టేవాడు: “ఒరేయ్ దున్నపోతా, నీ చెవులు టోపీ ఆనడానికి పెట్టుకున్నావా?” మొదటి నెల తిట్లే తిన్నాను. తరువాత ఒక రోజు, ఏ రోజో తెలియదు, తిట్లు ఆగాయి. బ్యాటు గట్టి చెక్క మధ్యన తగిలితే పొడి పలుకు, బంతి దూరం పోతుంది. అంచుకు తగిలితే మొద్దు పలుకు, ముందు పడుతుంది. ఈ జ్ఞానంలో మంత్రం లేదు, మూడు వందలను ముప్పై రోజులతో గుణించడం ఉంది. కానీ మియజాకిలో ఫిబ్రవరిలో వాన పడదు. తడిసిన బంతి ఎంత బలంగా తగిలినా మొద్దుగానే పలుకుతుందన్నది నాకు తెలుసు, పదహారేళ్ళలో కనీసం వందసార్లు విన్నాను. అయినా ఐదో ఇన్నింగ్స్‌లో ఆ మొద్దు శబ్దం విని రెండడుగులు ముందుకు వేశాను. ఆ తరువాత చూశాను, బంతి ఇంకా పైకే లేస్తోంది. ఇక వెనక్కి తిరిగి పరిగెత్తడం, ఆఖరి అడుగులో గాల్లోకి ఎగరడం, ఎడమచేతిని గ్లవ్‌తో సహా తల వెనక్కి చాచడం, బంతి దాటిపోవడం. వెనక పచ్చికలో పడి అది ఎడమవైపుకి దొర్లింది.

మైదానంలో మిగిలినదంతా లెక్కలే కానీ ఈ చిన్న విషయం మాత్రం ఒక మనిషి తీర్పు. బంతి ఫీల్డర్ చేతికి అంది జారితే అది ఫీల్డర్ తప్పు. అంచనా పొరబడి అందుకోలేకపోతే అది బ్యాటర్‌కి హిట్. పుస్తకంలో నియమం ఇంత సూటిగా లేదు, ఆచరణ మాత్రం ఇంతే. లీగు తరఫున గూట్లో కూర్చునే స్కోరర్ నుకుయిగారు తప్పు అని రాశారు. బోర్డు వెనక మనిషి పలక మార్చాడు. జనం హమ్మయ్య అని ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు నాకు మధ్య మైదానం దాకా వినిపించింది. వాళ్ళు ఊపిరి వదిలింది నుమజిరి కోసం. సరిగ్గా అదే క్షణంలో మూడు వందల పన్నెండు ఆటలుగా ఒక్క తప్పూ లేని నా వరస తెగిపోయింది. ఈ వరస గురించి పత్రికలవాళ్ళు రాసినప్పుడల్లా నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. తెగాక తెలిసింది, దాని గురించి నాకు తెలిసినదానికంటే ఎక్కువగా పట్టించుకున్నానని. ముప్పై ఏడేళ్ళ మనిషికి వచ్చే ఏడాది ఒప్పందం ఇవ్వాలా వద్దా అని కార్యాలయంలో అనుకుంటున్న ఆగస్టు ఇది.

బంతి నాకు తగల్లేదు. ఈ వాక్యాన్ని నాలో నేను అనుకున్న ప్రతిసారీ దాని బరువు మారుతోంది. మొదట, పరిగెత్తుతుండగా, అది వాక్యం కూడా కాదు, చేతిలో ఏమీ లేకపోవడం. తరువాత బోర్డు మారినప్పుడు, లేదే, అనుకున్నాను. ఇన్నింగ్స్ ముగిసి డగౌట్‌కి వస్తూంటే నుమజిరి మెట్ల దగ్గర ఆగి టోపీ తీసి వంగాడు, కాపాడినందుకు అన్నట్టు, అప్పుడు తగిలిందేమో అనుకున్నాను. తడిసిన తోలు మొద్దుబారుతుంది, వేలి కొస దాటి బొటనవేలంత పొడుగున్న గ్లవ్ అంచుకి బంతి గీసుకుపోతే చేతికి తెలియకపోవచ్చు. సాక్షినీ నేనే, లాభపడేవాణ్ణీ నేనే. తగల్లేదంటే నా వరస నాకు తిరిగివస్తుంది, అతని ఆట పోతుంది. ఇలాంటి సాక్షిని నేను ఎవరి విషయంలోనూ నమ్మను, నా విషయంలో ఎందుకు నమ్మాలి? ఈ తర్కం నాకు చాలా నచ్చింది. ఒక తర్కం అంత హాయిగా ఉంటే దాన్ని ఇంకోసారి తిప్పి చూడాలన్నది కూడా నేను చదివిన పుస్తకాల్లోంచి నేర్చుకున్నదే, కానీ తిప్పి చూడలేదు. వాన చూశాను.

ఆధారం ఒకటి ఉండేది. బంతిని ఆటకు ముందు నల్లమట్టితో రుద్దుతారు; తడి బంతి లేత తోలును తాకితే, గీసుకుపోయినా సరే, సన్నటి బూడిద చార వదులుతుంది. నేను చేయవలసిందల్లా ఇన్నింగ్స్ అయ్యాక గ్లవ్ అంచును వెలుతురులో పట్టుకుని చూడటం. నేనేం చేశాను? బల్ల మీద కూర్చోగానే గుడ్డ తీసి, గ్లవ్‌ను అరచేతి నుంచి అంచుదాకా తుడిచి, రవ్వంత నూనె రాశాను. ఈ దేశంలో ప్రతి ఆటగాడూ చేసేదే. పదేళ్ళ వయసులో బడి జట్టులోనే నేర్పుతారు, పనిముట్టుకి మర్యాద చెయ్యాలని, దానికీ ప్రాణం ఉంటుందని. ఆ ప్రాణం సంగతి నేను ఏనాడూ నమ్మలేదు, తుడవడం ఏనాడూ మానలేదు. నమ్మకం పోయాక కూడా చేతులు ఆచారాన్ని మోస్తూనే ఉంటాయి. సరే, అలవాటుగా తుడిచాను. కానీ అలవాటుగా తుడిచేవాడు అంచును రెండుసార్లు తుడవడు. నేను రెండుసార్లు తుడిచాను. చార ఉంటే చెరపాలని తుడిచానా, లేదని తెలియకూడదని తుడిచానా? రెండో ప్రశ్న దగ్గర నా మనసు కొంచెం పక్కకు జరిగింది, చీకట్లో ఎవరి కాలో తగిలినట్టు.

ఇంకొకటి కూడా ఉంది. ఇలాంటి ఊరి మైదానాలకు వచ్చినప్పుడు పొద్దున్నే అవుట్‌ఫీల్డ్ అంతా నడిచి చూడటం నా పద్ధతి. ఎక్కడ పల్లం, ఎక్కడ పచ్చిక దళసరి, గోడ ఎంత మెత్తన. ఇవాళ పొద్దున గోడకి పదిహేనడుగుల ఇవతల, పచ్చికలో, నీళ్ళు పోయే తూము మీద ఇనప మూత కాలికి తగిలింది. దాని ఒక అంచు అంగుళం లేచి ఉంది. పడితే బంతి తిరుగుతుంది, జాగ్రత్త, అని గుర్తు పెట్టుకున్నాను. బంతి పడింది దాని మీదేనా? ఆ మూతను నేను మరచిపోలేదు. తలచుకోలేదు, అంతే.

నుమజిరి తువ్వాలు తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. చొక్కా వీపు మీద నలభై ఏడు. తడిసి ఒంటికి అతుక్కుని, ఏడు అంకె తోక నడుము దగ్గర మడతపడింది. ఈ వీపును నేను ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. మధ్య మైదానంలో నిలబడేవాడికి జట్టంటే వీపులు. ఒకడు నిద్ర సరిపోక వచ్చాడని భుజాల్లో తెలుస్తుంది, ఇంకొకడు ఇంట్లో గొడవ పడి వచ్చాడని మెడలో. పదహారేళ్ళలో మా వాళ్ళ ముఖాలకంటే వీపులే నాకు బాగా గుర్తు. పెళ్ళిళ్ళలో ఎదురుగా వచ్చి పలకరిస్తే ఒక్కక్షణం తడబడతాను. నుమజిరి వీపు చదవడం తేలిక, ఎందుకంటే అది ఏదీ దాచదు. మోచేతికి శస్త్రచికిత్స అయిన ఏడాది అతను రెండో జట్టు వసతిగృహంలో ఉన్నాడు, నేను తొడ కండరం పట్టేసి నాలుగు వారాలు అక్కడే ఉన్నాను. ఎడమచేతివాటం మనిషి, ఎడమచెయ్యి కట్టులో. కుడిచేత్తో చాప్‌స్టిక్ పుల్లలు పట్టుకుని సోయా గింజలు తినేవాడు. ఒక్కొక్క గింజా జారి పళ్ళెంలో పడుతుంటే వంటావిడ చూడలేక చెంచా తెచ్చి పెట్టేది. చెంచా పక్కన పెట్టి మళ్ళీ పుల్లలతోనే. “నుమజిరీ, అందరూ లేచి వెళ్ళారు, తినెయ్యవయ్యా,” అన్నాను ఒకరోజు. “గింజలు ఎక్కడికీ పోవుగా, తోకివాగారూ,” అన్నాడు తలెత్తకుండా. ఐదేళ్ళు పట్టింది మళ్ళీ ఈ మట్టి దిబ్బ ఎక్కడానికి. ఇప్పుడు ముప్పై మూడు. ఇలాంటి ఆట అతనికి ఇంకోటి రాదు. దీనికి ఆధారాలు అక్కర్లేదు, అంకెలు చాలు. వాన ఆగకపోతే గెలుపు మాదే, కానీ తొమ్మిది ఇన్నింగ్సులూ పూర్తికాలేదు కనుక అతని ఘనత పుస్తకంలో కింద చిన్న అక్షరాల్లో పడి ఉంటుంది. ఆగితే ఇంకా మూడు ఇన్నింగ్సులు. ఈ డగౌట్‌లో అందరూ ఆగాలనే కోరుకుంటున్నారు. నేను కూడా. అయితే ఆరో ఇన్నింగ్స్‌లో ఒక సంగతి గమనించి, పక్కన పెట్టాను. బ్యాటర్ మారినప్పుడల్లా నుమజిరి వెనక్కి తిరిగి అవుట్‌ఫీల్డ్ వంక చూస్తాడు, ఎవరం ఎక్కడున్నామో. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక్కసారి కూడా తిరగలేదు. ఏకాగ్రత అనుకున్నాను.

నలభై ఏడు లేచి నిలబడింది. నాలుగు ఖాళీలూ దాటి వస్తోంది. మకబె టీ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. మేనేజరుగారు తల తిప్పి, మళ్ళీ వాన వైపు తిప్పుకున్నారు, చూస్తే తాను కూడా మర్యాద తప్పినట్టవుతుందని. నుమజిరి నా పక్కన కూర్చున్నాడు. మకబె లేచి, నీళ్ళ కూజా దగ్గర ఏదో పని కల్పించుకున్నాడు.

“మాస్టారూ, ఒకటి అడగనా?”

“నీతో మాట్లాడకూడదని తెలుసా?”

“నేను మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదుగా.” నవ్వడానికి ప్రయత్నించి మానేశాడు. “ఐదో ఇన్నింగ్స్ బంతి. మీకు తగల్లేదు కదా?”

తొంభై మీటర్ల దూరం, వానలో. “అక్కడి నుంచి నీకెలా కనిపించింది?”

“బంతి కనిపించలేదు. మీరు కనిపించారు. గ్లవ్‌కి బంతి తగిలితే మీరు ఎడమచేతి వంక చూసుకుంటారు. పట్టినా అంతే, జారినా అంతే. ప్రాక్టీసులో కూడా. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా. ఇవాళ చూసుకోలేదు. నేరుగా బంతి వెంట పరిగెత్తారు.”

ఈ సంగతి నాకు తెలియదు. ముప్పై ఏడేళ్ళుగా ఈ చెయ్యి నాదే, ఈ కళ్ళూ నావే. నేను వాళ్ళ వీపులు చదువుతున్నానని గర్వపడుతూ వచ్చాను. వెనక్కి తిరిగినవాడికి నా ముఖం కనిపిస్తుందన్న ఆలోచనే రాలేదు.

“మిమ్మల్ని ఏదీ చెప్పమనడం లేదు,” అన్నాడు నుమజిరి. “నాకోసం ఊరుకున్నారేమోనని అడిగాను, అంతే. అలాగైతే వద్దు మాస్టారూ. నాకు కావాలి. ఎంత కావాలో చెప్పలేను. కానీ ఆరో దాంట్లో వెనక్కి తిరగలేకపోయాను. మిమ్మల్ని చూస్తే అదే గుర్తొస్తుంది. ఇంకా మూడు ఇన్నింగ్సులు అలా విసరలేను.”

“నేను చెబితే నా వరస నాకు తిరిగొస్తుంది. నీది పోతుంది. చూసేవాళ్ళు ఏమంటారో తెలుసుగా?”

“తెలుసు. అందుకే మీరు చెప్పరని కూడా తెలుసు.”

లేచి, తన చోటికి వెళ్ళి, తువ్వాలు చుట్టుకున్నాడు. నాలుగు ఖాళీలు మళ్ళీ యథాస్థానంలో ఉన్నాయి. అతను అన్నది నిందా కాదు, మెచ్చుకోలూ కాదు. సోయా గింజను పుల్లల మధ్య పట్టుకున్నట్టు నా గురించిన ఒక వాస్తవాన్ని పట్టుకుని నా ముందు పెట్టాడు. అరగంటగా నేను నాలో ఒక్క స్వార్థం కోసమే వెతికాను, రికార్డు మీది స్వార్థం. అది దొరికింది కనుక నిజాయితీగా వెతికానని అనుకున్నాను. రెండోది దాని వెనకే నిలబడి ఉంది: తోకివా తన లాభం చూసుకునే మనిషి కాదు అనిపించుకోవాలన్నది. దాని కోసమే ‘సాక్షిని నమ్మను’ అన్నాను. దాని కోసమే గ్లవ్ అంచును రెండుసార్లు తుడిచాను. చార ఉందేమోనని కాదు. లేదని నాకు తెలుసు కనుక.

గ్లవ్‌ను బల్ల మీద పెట్టి, గోడకు తగిలించిన గొడుగు తీసుకున్నాను. “ఎక్కడికి మాస్టారూ?” అన్నాడు మకబె. “స్కోరర్ గదికి.” అతని ముఖంలో ఏదో మూసుకుపోవడం చూశాను. డగౌట్ వెనక సన్నటి దారి, తడి సిమెంటు వాసన, ఎవరో వదిలేసిన చెప్పులు, ఇనప మెట్లు. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా ఏ ఊళ్ళోనూ స్కోరర్ గది మెట్లు ఎక్కలేదు. ఎక్కేవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి.

నుకుయిగారు కిటికీ దగ్గర కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు. అరవై దాటిన మనిషి. మూడు పెన్సిళ్ళు ఒకే పొడవున ఉండేలా చెక్కుతారని విన్నాను, నిజమే. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కుర్చీ చూపించలేదు.

“ఆటగాళ్ళు నా గదికి రాకూడదు, తోకివాగారూ. వచ్చేవాళ్ళు హిట్ కోసమే వస్తారు.”

“నేనూ అందుకే వచ్చాను. నా హిట్ కాదు.”

ఆయన పెన్సిల్ కింద పెట్టారు. “ఐదో ఇన్నింగ్స్‌దా? మీ మాట మీద దిద్దను. మీకు లాభం ఉంది.”

“దిద్దవద్దు. నా మాట పక్కన పెట్టండి. బంతి నా గ్లవ్‌కి తగిలిందని మీరెందుకు అనుకున్నారు?”

“ఎడమవైపుకి తిరిగింది కనుక. గాలి అటు లేదు. గాల్లోనే తిరిగిందా, పడ్డాక తిరిగిందా అన్నది…” కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచారు. “వీటి మీద చినుకులున్నాయి. అప్పటి నుంచీ నాకు బాగాలేదు.”

“గోడకి పదిహేనడుగుల ఇవతల పచ్చికలో తూము మూత ఉంది. అంచు లేచి ఉంది. మీ దగ్గర బైనాక్యులర్స్ ఉన్నాయి.”

ఆయన చాలాసేపు చూశారు. వాన సన్నబడింది, లేదా నేను దాన్ని వినడం మానేశాను. తరువాత కాగితం మీద బ్యాటర్ చోటును, నేను ఎగిరిన చోట తాను వేసుకున్న చిన్న చుక్కను, మూతను, బంతి ఆగిన చోటును కొలబద్దతో కలిపారు. గీత చుక్క దగ్గర కాదు, మూత దగ్గర విరిగింది. “మీ మాట మీద దిద్దలేదు,” అన్నారు మళ్ళీ, రబ్బరు వెతుక్కుంటూ. “దిద్దలేదు,” అన్నాను. తలుపు దగ్గరికి వచ్చాక ఆయన నా వైపు చూడకుండానే అన్నారు: “అతనికి ఎవరు చెబుతారు?”

“అతనే నాకు చెప్పాడు.”

మెట్లు దిగి వచ్చేసరికి పట్టా మీది నీళ్ళను పొడుగాటి కర్రలతో తోసేస్తున్నారు. కొత్త ఉప్పు వచ్చింది, మేనేజరుగారు స్వయంగా శంకువు పేరుస్తున్నారు. జనంలోంచి మొదట ఒక గుసగుస, తరువాత ఒక మూలుగు, తలెత్తి చూడక్కర్లేదు. బోర్డు వెనక మనిషి సున్నాను లాగేసి, ఆ చోట ఒకటి పెట్టాడు. మా తప్పుల గడిలోని ఒకటిని లాగేసి సున్నా పెట్టాడు. బహుశా అవే రెండు పలకలు, చోట్లు మార్చుకుని. డగౌట్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఇక మౌనానికి ఆచారం కారణం కాదు. మకబె మోకాలి కవచాలు బిగించుకుంటూ, నా వంక చూడకుండా, “మీ రికార్డు మీకు దక్కింది. సంతోషమా, మాస్టారూ?” అన్నాడు. నుమజిరి చెప్పినది చెబితే ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. కానీ అది నేను చెప్పవలసింది కాదు, నుమజిరి చెప్పే రకం కాదు. ఈ మాట నాతో ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఉంటుంది. మకబె దగ్గరున్న ఆధారాలను బట్టి చూస్తే అతను అన్నది సబబే. అతని చోట నేనున్నా అదే అనేవాణ్ణి, ఇంకొంచెం పొడుగ్గా.

మధ్య మైదానానికి నడిచి వెళ్ళాను. పచ్చికలో ప్రతి అడుగూ చప్పుడు చేస్తోంది. తూము మూతను కాలితో నొక్కాను. కూర్చుని, మళ్ళీ లేచింది. నా ముందు వీపులు ఒక్కొక్కటే తమ తమ చోట్లకి వచ్చాయి. మట్టి దిబ్బ మీదికి నలభై ఏడు ఎక్కింది, కొత్త మట్టిని బూటుతో తొక్కి చదును చేసింది. భుజాలు దిగి ఉన్నాయి, కానీ బరువుతో కాదు, నిద్రపోయి లేచినవాడి భుజాల్లా. మొదటి బంతి, రెండో బంతి. మూడోది బ్యాటర్ కొట్టాడు, శబ్దం మొద్దుగా వచ్చింది. ఈసారి ఆ శబ్దంలోంచి తడిని తీసేశాను, మిగిలిన దాని ప్రకారం వెనక్కి నాలుగు అడుగులు వేశాను. ఆగి, తిరిగి, చెయ్యి ఎత్తాను. బంతి వచ్చి కూర్చుంది. ఉసుయిగారు ఉంటే తిట్టేవాడు కాదు.

అప్పుడు గమనించాను, నా కళ్ళు నా ఎడమచేతి మీద ఉన్నాయి. గ్లవ్ లోపల తడి బంతి, తోలు మీద సన్నటి బూడిద చార. ముందే విన్నవాడి మీద చేసిన ప్రయోగం ప్రయోగం కాదని నాకు తెలుసు. చూసుకుంటానని ఒకరు చెప్పాక చూసుకోవడం ఏదీ రుజువు చెయ్యదు. అయినా చూసుకునే ముందు ఆ మాట నాకు గుర్తులేదు, చూసుకున్నాక గుర్తొచ్చింది. దీన్ని ఏ గడిలో రాయాలో నుకుయిగారికి కూడా తెలియదు. తలెత్తాను. మట్టి దిబ్బ మీద నలభై ఏడు కనిపించలేదు. నుమజిరి వెనక్కి తిరిగి ఉన్నాడు. తొంభై మీటర్ల అవతల, టోపీ కింద, వానకు తడిసిన అతని ముఖం.